ఎం.ఎ. ఎడ్యుకేషన్: ఫీజు కట్టే ముందు

బి.ఎడ్. లేకుండా ఎం.ఎ. ఎడ్యుకేషన్ చదవవచ్చా అని మన స్కాలర్‌షిప్ విద్యార్థులు, ముఖ్యంగా బి.కాం. పూర్తిచేసినవారు, అడుగుతుంటారు. చదవవచ్చు. ఇగ్నోలోనూ, బెంగళూరు అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంలోనూ ఏ డిగ్రీవారైనా ఈ రెండేళ్ళ కోర్సుకు దరఖాస్తు చేయవచ్చు.

అయితే ఇది ఎం.ఎడ్. కాదు. దీనితోనే ప్రభుత్వ హైస్కూలు టీచరు పోస్టుకు అర్హత రాదు. టెట్ రాయడానికీ బి.ఎడ్. వంటి శిక్షణ కావాలి. పాఠ్యపుస్తకాల తయారీ, విద్యా పరిశోధన, స్వచ్ఛంద సంస్థల ఉద్యోగాలకు మాత్రం ఇది ఉపయోగపడుతుంది. జనరల్ వర్గంవారు 55 శాతం తెచ్చుకుంటే యు.జి.సి. నెట్ కూడా రాయవచ్చు.

బ్యాంకు కౌంటరులో డ్రాఫ్టు రాసే ముందు అది ఏ ఊళ్ళో చెల్లాలో అడిగేవాణ్ణి. మీ డిగ్రీ ఎక్కడ చెల్లాలో మీరూ ముందే తేల్చుకోండి. తరగతి గదిలోనైతే మొదట బి.ఎడ్. చదవండి.