విద్యుత్ పికప్పు బండ్లు: అమెరికా ప్రజల యభిప్రాయములు

పికప్పు అనగా ముందు భాగమున మనుష్యులు కూర్చుండుటకు గదియు, వెనుక సామాను వేయుటకు తెరచిన తొట్టియు గల మోటారు బండి. మన పల్లెలలో కూరగాయల గంపలను, ఎరువు బస్తాలను, కోళ్ల మేతను మోయుచున్న చిన్న లారీలకు ఇది దగ్గర చుట్టము. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని రైతుకు ఇదియే రెండెద్దుల బండి. గడ్డికట్టలు వెనుక తొట్టిలో వేయును. పశువులను తరలింపవలసినప్పుడు ట్రెయిలరును తగిలించి లాగించును. ఫోర్డు కంపెనీవారి ఎఫ్ శ్రేణి బండ్లు 1977 మొదలుకొని ఆ దేశమున తక్కిన పికప్పులన్నిటికంటె నెక్కుడుగా అమ్ముడుపోవుచున్నవి. అట్టి బండిలోనుండి ఇంజనును, పెట్రోలు తొట్టిని తీసివేసి, బ్యాటరీని విద్యుత్ మోటారును అమర్చినప్పుడు జనులేమనిరి, వారి మాటలలో నిలువదగిన దెంత, అనునదియే ఈ నెల పాఠమునకు విషయము. దూరదేశపు ముచ్చట మనకేల యని సభ్యులు తలంపకుందురు గాక. కొత్త యంత్రము పేరు చెప్పి ధరావతు వసూలు చేయువారు ఏ దేశమునందైనను గలరు.

ముందుగా ధరావతుల కథ. 2019 నవంబరులో టెస్లా కంపెనీవారు సైబర్ట్రక్కు అను నుక్కురేకుల బండిని లాస్ ఏంజిలిస్ పరిసరములలో ప్రదర్శించిరి. అద్దము పగులదని చూపుటకు లోహపు గుండును విసరగా అద్దము అందరి యెదుటను పగిలినది. జనులు నవ్విరి, నవ్వుచునే నూరు డాలర్ల చొప్పున ధరావతులు కట్టిరి. ఆ సొమ్ము తిరిగి యిచ్చివేయబడునదే గనుక కట్టుటకు వెనుదీయవలసిన పనిలేకపోయెను. పది లక్షలమందికి మించి పేర్లు నమోదు చేసికొనిరని కంపెనీ యధిపతి ఎలన్ మస్క్ 2023 అక్టోబరులో చెప్పెను. ఈ బండితో తమ గోతిని తామే త్రవ్వుకొంటిమనియు ఆ సమయముననే ఒప్పుకొనెను. 2019లో రెండు మోటార్ల బండికి చెప్పిన ధర 49,900 డాలర్లు. 2023 నవంబరు 30వ తేదీన బండ్లను అప్పగింప నారంభించినప్పుడు అదే తరగతికి చెప్పిన ధర 79,990 డాలర్లు. ఒక్క ఛార్జికి 500 మైళ్లు పోగలదన్న పై తరగతి బండి రానేలేదు. 2025 మార్చిలో, పైని అతికించిన ఉక్కుపట్టీలు ఊడిపోవుచున్నవను కారణముచేత, అంతవరకు తయారైన బండ్లన్నిటిని ఇంచుమించుగా మరమ్మతుకు వెనుకకు పిలిచిరి. వాని సంఖ్య 46,096. పది లక్షల పేర్లెక్కడ, నలువది యారువేల బండ్లెక్కడ! పేరు వ్రాయించుకొన్నవారిని కొనువారినిగా లెక్కించుట, పూత చూచి కాపు లెక్కించుటయే.

ఇంతకంటె విచారకరమైనది లార్డ్స్‌టౌను కథ. ఒహాయో రాష్ట్రమందలి ఆ యూరిలో జనరల్ మోటార్సువారి పెద్ద కర్మాగారము 2019 మార్చిలో మూతపడెను. ఆ యూరిపేరే పెట్టుకొన్న యొక కొత్త కంపెనీ దానిని కొని, విద్యుత్ పికప్పులను చేయుదుమనగా, పని పోయిన కుటుంబములవారు ఎంతయో ఆశపడిరి. బండికి లక్ష ముందస్తు కోరికలు వచ్చినవని 2021 జనవరిలో కంపెనీ ప్రకటించెను. ఆ కోరికలలో పెక్కు కొనవలెనను కట్టుబాటు లేనివని రెండు నెలలకే బయటపడెను. 2023 జూనులో కంపెనీ దివాలా తీసెను. ముందస్తు కోరికలను గూర్చి మదుపుదారులను తప్పుదారి పట్టించిరని ఆ దేశపు వాటాల విపణి నియంత్రణ సంస్థ 2024లో ఆరోపించి, పరిష్కారముగా రెండున్నర కోట్ల డాలర్లకు పైగా చెల్లించుటకు కంపెనీచే ఒప్పించినది. ఇట్టివి చూచిన జనులు కొత్త కంపెనీ మాట వినగానే పెదవి విరచుటలో వింతయేమున్నది?

పాత కంపెనీయైనను మాట నిలుపుకొనెనా? ఫోర్డువారు 2021 మేలో ఎఫ్-150 లైట్నింగు బండిని చూపి, పనివారి తరగతికి 39,974 డాలర్లని చెప్పిరి. సుమారు రెండు లక్షల పేర్లు నమోదయ్యెను. 2022 ఏప్రిలులో తయారీ యారంభమయ్యెను. బ్యాటరీ ముడిసరుకుల ధరలు పెరిగినవని మెట్టుమెట్టుగా ధర పెంచుచు వచ్చి, 2023 మార్చి నాటికి 59,974 డాలర్లు చేసిరి. నాలుగు నెలలకు 49,995కు దించిరి. ఒకే బండి, ఒకే యేడు. వసంతమున కొన్నవాడు పదివేలు నష్టపడెను. రివియన్ అను కంపెనీవారు 2022 మార్చిలో, అదివరకే ధరావతు కట్టినవారికిని కలిపి, ఒక తరగతి బండికి 12,000 డాలర్లు పెంచిరి. పెద్ద గగ్గోలు లేచెను. అనేకులు పేర్లు తీసివేయించుకొనిరి. రెండు దినములలోనే అధిపతి ఆర్. జె. స్కరింజ్ క్షమాపణ చెప్పి, పూర్వము నమోదైనవారికి పాత ధరకే యిత్తుమని యొప్పుకొనెను. ఒక్కొక్కడు విడివిడిగా వ్రాసిన యుత్తరము బుట్టలో పడవచ్చును. వేలమంది ఒక్కసారి పలికినప్పుడు కంపెనీ వినక తప్పలేదు.

ఇక బండి సామర్థ్యమును గూర్చిన వాదము. ఇది లెక్కతో తేలవలసినది గనుక సభ్యులు కాగితము, కలము తీసికొని కూర్చుండవలెను. లైట్నింగు పెద్ద బ్యాటరీలో 131 యూనిట్ల విద్యుత్తు పట్టును. మన విద్యుత్తు బిల్లులో నున్న యూనిటే యిది. ఐదు అశ్వశక్తుల పంపుసెట్టు గంటకు సుమారు నాలుగున్నర యూనిట్లు తినుననుకొన్నచో, ఆ విద్యుత్తుతో దానిని ఇరువది తొమ్మిది గంటలు నడుపవచ్చును. బరువులేని బండి ఇంతటితో 320 మైళ్లు, అనగా సుమారు 515 కిలోమీటర్లు పోవునని ప్రభుత్వపు కొలత. యూనిటుకు నాలుగు కిలోమీటర్లకు కొంచెము తక్కువ. పెద్ద ట్రెయిలరును తగిలించి లాగినచో ఈ దూరము సగమునకు, ఒక్కొక్కప్పుడు సగమునకు తక్కువకును పడిపోవును. దీనికి ముఖ్యకారణము బరువుకంటె గాలి. ఎత్తైన ట్రెయిలరు గాలిని చీల్చుకొని పోవుటకే శక్తి వ్యయమగును. సగమనగా 250 కిలోమీటర్లు. అందులో ఐదవవంతు నిలువ యుంచుకొనక తప్పదు. మిగిలిన 200లో పోవుటకు నూరు, వచ్చుటకు నూరు. పెట్రోలు బండికిని ట్రెయిలరు తగిలించిన ఖర్చు పెరుగును గాని, ఐదు నిమిషములలో తొట్టి నిండును. విద్యుత్ బండివాడు ఛార్జింగు తావు వెదకవలెను; పలుచోట్ల ట్రెయిలరును విప్పి పక్కన పెట్టి మరి బండిని నిలుపవలెను. పశువుల సంతకు నూటయేబది మైళ్లు పోవు రైతు ఈ బండి తనకు పనికిరాదన్నచో అది మూర్ఖపు పట్టుదల గాదు, లెక్క. ఇంటినుండి పొలమునకును, పొలమునుండి ఊరికిని తిరుగుచు రాత్రి కొట్టములో ఛార్జి పెట్టుకొనువాడు మెచ్చుకొన్నచో అదియు లెక్కయే. ఇద్దరును తమ తమ దారి చెప్పుచున్నారు.

మెప్పు పొందిన గుణమొకటి గలదు. లైట్నింగులోనుండి 9.6 కిలోవాట్ల వరకు విద్యుత్తును బయటకు తీసికొనవచ్చును. తగిన పరికరములున్నచో మామూలు ఇంటికి మూడు దినములు సరిపోవునని కంపెనీవారి మాట. 2021 ఫిబ్రవరిలో టెక్సాసులో మంచుతుపాను వలన లక్షలాది ఇండ్లకు విద్యుత్తు పోయినప్పుడు, పెట్రోలును విద్యుత్తును కలిపి నడచు ఎఫ్-150 బండ్లను జనులకు ఎరువియ్యుడని ఫోర్డువారు తమ డీలర్లను కోరిరి. కాని ఆ విద్యుత్తు ఒక ఫేజుది. మన మూడు ఫేజుల పంపుసెట్టును దానికి నేరుగా కలుపరాదు.

ఆ దేశపు పల్లెలకు విద్యుత్తు వచ్చిన విధము సహకారులు తెలిసికొనదగినది. 1935 నాటికి అచటి పొలపు కుటుంబములలో పదింటికి ఒకదానికే విద్యుద్దీపములుండెను. దూరదూరముగా నున్న యిండ్లకు తీగలు లాగిన గిట్టదని కంపెనీలు అనుచుండగా, ప్రభుత్వపు అప్పుతో రైతులే సహకార సంఘములను పెట్టుకొని స్తంభములు నాటిరి. అట్టివి నేడు సుమారు తొమ్మిదివందలు. మన సిరిసిల్ల విద్యుత్ సహకార సంఘము ఆ జాతికి చెందినదే. ఇపుడా సంఘములకు కొత్త చిక్కు. లైట్నింగును ఇంటిలో శీఘ్రముగా ఛార్జి చేయు పెట్టె 19.2 కిలోవాట్లు లాగును. అనగా నాలుగు ఐదశ్వశక్తుల మోటార్లు ఒక్కసారి తిరిగినట్లు. మన పొలములలోని 25 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మరుకు అట్టి బండి యొకటి తగిలించినచో మిగిలిన రైతుల మోటార్లకు చోటుండదు. ఈ మాట పెట్టెను అమ్మువాడు చెప్పడు.

అభిప్రాయము చెప్పువా డెవడని విచారింపవలసిన పనియు గలదు. తమ తరువాతి బండిగా విద్యుత్ బండిని కొనుట జరుగవచ్చునన్న అమెరికనులు 2023లో నూటికి 38 మందికాగా, 2024లో 29 మందియే యని ప్యూ సంస్థ లెక్క. ఈ విషయమున వారి రాజకీయ పక్షములవారికి నడుమ పెద్ద అంతరమున్నది. 2025 ఆరంభమున మస్క్ ప్రభుత్వ కార్యములలో చేసిన పనులకు కోపించినవారు టెస్లా దుకాణముల ముందు నిరసనలు జరిపిరి. ఎన్నడో బండి కొనుక్కొన్నవారు సైతము మాటలు పడవలసివచ్చెను. అత్తమీది కోపము దుత్తమీద చూపుట యనగా ఇదియే. కోపము న్యాయమైనను కాకున్నను, బండి బరువు లాగునా లాగదా యనుటకు అది సాక్ష్యము గాదు.

సాక్ష్యము కావలసినచో కన్స్యూమర్ రిపోర్ట్స్ వంటి పత్రికను చూడవలెను. 1936లో కొనుగోలుదారులు పెట్టుకొన్న సంస్థ యది, ప్రకటనలు వేయదు, పరీక్షింపవలసిన వస్తువులను డబ్బిచ్చి కొనును. దాని లెక్కలో 2024లో రివియన్ యజమానుల సంతృప్తిలో మొదటి స్థానమునను, చెడిపోకుండ పనిచేయుటలో కట్టకడపటను నిలిచినది. వినుటకు వింతగానున్నను ఇందు విరోధము లేదు. మంచి పాలిచ్చి తరచుగా జబ్బుపడు గేదెను అమ్ముకొనలేక అమ్ముకొనలేక పోషించువారు మనలో లేరా?

2024లో లైట్నింగు బండ్లు అమెరికాలో 33,510 అమ్ముడుపోయెను. ఆ యేటనే ఎఫ్ శ్రేణి యంతయు ఏడు లక్షలకు పైబడెను. ఫోర్డువారి విద్యుత్ వాహన శాఖ 2023లో 470 కోట్ల డాలర్లు, 2024లో సుమారు 510 కోట్ల డాలర్లు నష్టపడెను. కొనువారికి ప్రభుత్వమిచ్చుచుండిన 7,500 డాలర్ల పన్ను రాయితీ 2025 సెప్టెంబరు 30తో ముగిసెను. అదే డిసెంబరులో ఫోర్డువారు పూర్ణ విద్యుత్ లైట్నింగు తయారీని ముగించుచున్నామనియు, దాని స్థానమున, చక్రములను మోటారే త్రిప్పుచు, బ్యాటరీని నింపుటకు మాత్రము చిన్న పెట్రోలు ఇంజను గల బండిని చేయుదుమనియు ప్రకటించిరి. అది ఒక్క పయనమున 700 మైళ్లకు మించి పోవునట లెమ్ము. దాని ధరను అప్పటికి చెప్పలేదు. ట్రెయిలరు తగిలించినప్పుడు ఎంత దూరము పోవునో సంతకు పోవు రైతులు అప్పుడే అడుగ మొదలిడినారు.