టెట్రాసైక్లిన్లు: భీమవరంతో మొదలయ్యే బిట్లు

యల్లాప్రగడ సుబ్బారావు: జననం 1895 జనవరి 12, భీమవరం. చదువు కొంత రాజమండ్రిలో. 1940ల్లో అమెరికాలోని లెడర్లీ సంస్థ పరిశోధన డైరెక్టర్. మరణం 1948.

ఆయన సారథ్యంలోనే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ ఆరియోఫేసియెన్స్ నుంచి ఆరియోమైసిన్ తీశారు, ప్రకటన 1948లో. తొలి టెట్రాసైక్లిన్ ఇదే. కనుగొన్నది డగ్గర్, నడిపించింది సుబ్బారావు. ఆప్షన్లలో ఇద్దరి పేర్లూ ఉంటే ప్రశ్నను రెండుసార్లు చదవండి.

టెట్రాసైక్లిన్లలో నేడు ఎక్కువగా రాసేది డాక్సీసైక్లిన్. బ్యాక్టీరియా రైబోజోమ్‌లోని 30ఎస్ ఉపభాగాన్ని పట్టుకుని ప్రొటీన్ తయారీని ఆపుతుంది. వైరస్ మీద పనిచేయదు, కాబట్టి జలుబుకు దండగ. స్క్రబ్ టైఫస్‌కు (ఓరియెన్షియా సుత్సుగముషి, మైట్ లార్వా కాటు) ప్రధాన మందు. ఎలుక మూత్రం కలిసిన చేలనీటి నుంచి సోకే లెప్టోస్పైరోసిస్‌కూ ఇస్తారు. వరిచేల మధ్య పుట్టిన మన డెల్టా అభ్యర్థులు ఈ బిట్‌ను అస్సలు వదలొద్దు.

జాగ్రత్తలు: గర్భిణులకు, 8 ఏళ్లలోపు పిల్లలకు సాధారణంగా వాడరు, పళ్లకు రంగు పట్టడం టెట్రాసైక్లిన్ల లక్షణం (తరచూ అడిగేది). ఐరన్ మాత్ర, యాంటాసిడ్‌తో కలిపి వేసుకుంటే సరిగా ఒంటబట్టదు. గ్లాసెడు నీళ్లతో మింగాలి. వెంటనే పడుకుంటే అన్నవాహికలో పుండు పడొచ్చు. ఎండకు చర్మం కమిలిపోవచ్చు.

చట్టం: డాక్సీసైక్లిన్ షెడ్యూల్ హెచ్ మందు, డాక్టర్ చీటీ తప్పనిసరి. షెడ్యూల్ హెచ్1 వేరే జాబితా, దాని అమలు: 2014 మార్చి 1.