కౌబాయి కథల యాకర్షణము

కౌబాయి యను నాంగ్లపదమునకు ఆలకాపరి యని యర్థము చెప్పినచో తప్పు లేదు. అయినను ఆ పదము చెవిని పడినంతనే మన విద్యార్థుల మనస్సులకు తోచునది ఆవు గాదు. వెడల్పైన టోపి, గుఱ్ఱము, నడుమున వ్రేలాడు రివాల్వరు. ఇట్టి కథలను బాలురు పాఠ్యపుస్తకముల నడుమ దాచుకొని చదువుటయు, పెద్దలు లాగికొనుటయు చిరకాలముగా జరుగుచున్న వ్యవహారమే. లాగికొనుటకు పూర్వము ఈ కథలలో నేమున్నదో పెద్దలును, చదివి ముగించిన పిదప వీనిలో నేమి లేదో పిల్లలును విచారించుట మేలని తలచి యీ వ్యాసము వ్రాయుచున్నాము.

ముందుగా అసలు ఆలకాపరుల మాట. అమెరికాలో అంతర్యుద్ధము 1865లో ముగిసిన నాటికి టెక్సాసు సీమయందు పొడవు కొమ్ముల పశువులు లెక్కకు మిక్కిలిగా పెరిగి యుండెను. అచ్చట వానికి వెల స్వల్పము. ఉత్తరపు పట్టణములలో మిక్కిలి హెచ్చు. 1867లో కాన్సాసులోని ఆబిలీనునకు రైలుమార్గము రాగా, మందలను అచ్చటికి తోలి రైలుపెట్టెల కెక్కించు వ్యాపారము మొదలయ్యెను. రెండువేలకు పైబడిన పశువులను పదిపండ్రెండుగురు మనుష్యులు దినమునకు పది పదునైదు మైళ్ల చొప్పున నెలల తరబడి తోలవలెను. జీతము నెలకు ముప్పది నలువది డాలర్లు. మంద వెనుక నడచువానికి దినమంతయు దుమ్ము మ్రింగుటయే పని. రాత్రి కాపలా వేరుగా కలదు. ఉఱుము వినబడినచో మంద యంతయు బెదరి చీకటిలో పరుగెత్తును. ఏఱులు దాటునప్పుడు మునిగి చచ్చినవారు కలరు.

ఈ విద్యను వారు మెక్సికో పశుపాలకుల యొద్ద నేర్చిరి. ఉచ్చుత్రాటికి గల లారియట్ అను పేరే స్పానిషు భాషనుండి వచ్చినది. కౌబాయిలలో ఇంచుమించు నాలుగవ వంతు నల్లజాతివారని చరిత్రకారుల యంచనా. ఇక 1874లో గ్లిడ్డెను అనునతడు ముండ్లతీగకు పేటెంటు పొందెను. బయళ్లకు కంచెలు పడెను. 1886-87 శీతకాలపు మంచు లక్షలకొలది పశువులను చంపెను. ఇరువది యేండ్లలో పాత పద్ధతి ముగిసినది. పది సెంట్ల నవలలు అంతకు ముందే యున్నను, గౌరవముగల నవల మాత్రము వృత్తి ముగిసిన పిదపనే వచ్చెను.

ఆ నవల 1902లో ఓవెన్ విస్టర్ ప్రకటించిన 'ది వర్జీనియన్'. ఈయన ఫిలడెల్ఫియా నగరవాసి, హార్వర్డులో చదివినవాడు. 1885లో మొదటిసారి వయోమింగు సీమకు వెళ్లెను. కథానాయకునకు పేరు లేదు. వర్జీనియావాడని మాత్రమే పిలుతురు. కథ మొదలైన కొలది పుటలలోనే పేకాట బల్లయొద్ద ట్రాంపాస్ అనునతడు ఇతనిని దుర్భాష లాడును. ఇతడు పిస్తోలు తీసి బల్లపై నుంచి, ఆ మాట అనునపుడు చిఱునవ్వుతో అనవలెనని మెల్లగా చెప్పును. గది నిశ్శబ్దమగును. పిస్తోలు ప్రేలదు.

ఈ కథల రహస్యమంతయు మాకు ఇచ్చటనే కనబడుచున్నది. ప్రేలిన పిస్తోలు ఒక క్షణములో ముగియును. ప్రేలని పిస్తోలు నవల చివరవరకు చదువరిని లాగికొని పోవును. నడుమ ముప్పదికి పైగా ప్రకరణములు గడచును. కోడిపెట్ట కథ యొకటి, నృత్యపు రాత్రి పసిపాపల బట్టలు మార్చి తల్లులను తికమక పెట్టిన యల్లరి యొకటి వచ్చును. మనము నవ్వుచునే యుందుము గాని ట్రాంపాసును మరువము. శక్తి గలవాడు ఓర్చుకొనుచున్నాడు, ఎంతవరకు ఓర్చును? భయము గలవాని యోర్పునకును, శక్తి గలవాని యోర్పునకును గల భేదమును బాలుడు బోధ లేకయే గ్రహించును.

అయితే మన పాఠశాలవంటి చోట తప్పక విచారింపవలసిన ఘట్టము కడపట నున్నది. నాయకుని వివాహమునకు ముందునాడు ట్రాంపాస్, సూర్యాస్తమయములోగా ఊరు విడువవలెనని ఆజ్ఞ పెట్టును. పెండ్లికూతురు మోలీ బడిపంతులమ్మ; పోరాటమునకు పోయినచో రేపు వివాహము లేదనును. నాయకుడు వయోమింగు బిషప్పు నొద్దకు పోయి అడుగును. చంపవలదన్న ఆజ్ఞను ఆయన విడువలేడు. అట్లని ఊరు విడిచి పొమ్మని చెప్పుటకును నోరు రాదు. నాయకుడు వెడలిన పిదప మాత్రము అతనికి దేవుని యాశీర్వాదము కోరును. ముందు కాల్చినవాడు ట్రాంపాసే, చచ్చినవాడును అతడే. వివాహము జరుగును. విస్టర్ ఇచ్చట బిషప్పునకు న్యాయము చేయలేదని మా యభిప్రాయము. ప్రశ్నను గట్టిగా అడిగించెను. శత్రువుచేత ముందు కాల్పించి, ప్రత్యుత్తరము చెప్పు శ్రమనుండి తాను తప్పించుకొనెను.

ఇంతకంటె బరువైనది స్టీవు మరణము. స్టీవు నాయకుని ప్రాణస్నేహితుడు. పశువులను దొంగిలించి పట్టుబడును. న్యాయస్థానము లేకయే అతనిని ఉరితీసినవారిలో నాయకుడు నొకడు. స్టీవు చివరవరకు అతనితో పలుకడు. మాటాడినచో ఏడ్పు వచ్చునని వార్తాపత్రికపై పెన్సిలుతో వ్రాసి పోవును. ఈ పుటలు చదువునపుడు గుండె బిగియును. కాని చరిత్రను గూడ చూడుడు. 1892లో వయోమింగులోని జాన్సన్ కౌంటీలో పెద్ద మందల యజమానులు టెక్సాసునుండి కిరాయి తుపాకివాండ్రను తెప్పించి, దొంగలను నెపముతో చిన్న రైతుల మీదికి పంపిరి, ఇద్దరు చంపబడిరి. సైన్యము వచ్చి ఆపెను. శిక్ష పడినవారు లేరు. విస్టర్ సానుభూతి పెద్ద యజమానుల వైపుననే యుండెను. కావున నవలలో ఉరిని సమర్థించు జడ్జి హెన్రీ వాదమును చదువునపుడు, ఆ జడ్జికి సొంత మందలున్నవని విద్యార్థులు గుర్తుంచుకొనవలెను.

ఆ బయళ్లు అంతకు ముందు లకోటా, చెయెన్, అరపాహో జాతుల వేటభూములు. నవలలో ఆ జనులు నాయకుని గాయపఱచుటకే వత్తురు. ముఖమును మాటయు వారికి లేవు. మఱి యొక వింత: ఆలకాపరి కథ యని పేరే గాని, ఇందు ఆలను కాయుట మిక్కిలి యరుదు!

1952లో వచ్చిన 'హై నూన్' అను చలనచిత్రము ఆ నిరీక్షణమునే గడియారములోనికి తెచ్చెను. శత్రువు మధ్యాహ్నపు రైలులో వచ్చును. ప్రేక్షకుడు ముల్లు నడచుట చూచుచు కూర్చుండును. అందలి వధువు క్వేకరు మతస్థురాలు. చంపుట పాపమని నమ్మినది. భర్తను కాపాడుటకు ఆమెయే తుపాకి పేల్చును. బిషప్పు ప్రశ్న మరల వచ్చినది. ఈ మారు కథ దానిని తప్పించుకొనలేదు. తెలుగునకు ఈ వేషము 1971లో కృష్ణ నటించిన 'మోసగాళ్లకు మోసగాడు'తో వచ్చెను. రాజస్థాను ఎడారిలో చిత్రించిరి. గుఱ్ఱము వచ్చెను, గురి వచ్చెను, మంద రాలేదు.

పై తరగతులవారు ఈ రకపు పుస్తకము నొకదానిని చదువదలచినచో 1949లో వచ్చిన జాక్ షేఫర్ నవల 'షేన్' మొదట చదువుడు. చిన్నది, ఇంగ్లీషు సులభము, కథ చెప్పువాడు బాలుడు. అందు తుపాకి బయటికి వచ్చుటకు చాల ముందే, బాలుని తండ్రియు కొత్తవాడును గొడ్డళ్లు పట్టి దొడ్డిలోని పాత మొద్దును దినమంతయు నఱకి పెకలించు ఘట్టము కలదు. దానిని చూచుచు నిలిచిపోయిన తల్లి పొయ్యిలోని పిండివంటను మరచును; అది మాడిపోవును. ఆ పుటలు చదువునపుడు ఎవరైన పిలిచినచో, పిలుపు మీకు వినబడునేమో చూచుకొనుడు.