పెట్టె మీది బొమ్మను నమ్మొచ్చా?
సందేహాలు – సమాధానాలు

ఈసారి విమానాలకూ ఓడలకూ సెలవు. వచ్చిన ఉత్తరాలన్నీ ట్యాంకులూ, వాటి బంధువర్గమూ. ఉత్తరం రాసేటప్పుడు ఒక్క సాయం చేయండి: ఏ బండి, ఏ సంవత్సరం, ఎక్కడ అన్న మూడు ముక్కలూ మొదటి వాక్యంలోనే రాయండి. అవి లేకపోతే సగం ప్రశ్నలకు నా దగ్గర జవాబే ఉండదు.

ప్రశ్న: విమానాలకు 1/72, 1/48 అంటారు. ట్యాంకులకు మాత్రం 1/35 ఏమిటి? 35 ఏ లెక్కలోకీ రాదు కదా!
– రిటైర్డ్ లెక్కల మాస్టారు, నంద్యాల

మాస్టారూ, మిగతా రెండింటిలో మీరన్న లెక్క ఉంది. 1/72లో ఆరడుగులు ఒక అంగుళం, 1/48లో నాలుగడుగులు ఒక అంగుళం. 35 వెనక మాత్రం లెక్క లేదు, బ్యాటరీలున్నాయి. 1960ల మొదట్లో జపాన్ కంపెనీ తమియా మోటారుతో నడిచే పాంథర్ ట్యాంకు కిట్‌ను తెచ్చింది. లోపల మోటారూ, రెండు బ్యాటరీలూ పట్టాలి కాబట్టి దానికి తగ్గ సైజులో చేశారు. అది బాగా అమ్ముడుపోయింది. మిగతా దేశాల ట్యాంకులు కూడా ఇదే సైజులో తెద్దామని షున్‌సకు తమియా ఆ పాంథర్‌ను కొలిచి చూస్తే, అసలు బండిలో ఇంచుమించు 35వ వంతు అని తేలింది. ఆ తర్వాత ఇతర కంపెనీలూ అదే దారి పట్టాయి. పాత తమియా కిట్ల అడుగుభాగంలో మోటారు స్విచ్చుకూ స్క్రూలకూ వదిలిన కన్నాలు ఇప్పటికీ కనిపిస్తాయి. వాటిని ప్లాస్టిక్ షీటు ముక్కతో, పుట్టీతో మూసేయండి. బల్ల మీద పెట్టినప్పుడు కనిపించవుగానీ, పోటీలో జడ్జీలు తిరగేసి చూస్తారు.

ప్రశ్న: దక్కన్ హార్స్ మన హైదరాబాద్ రెజిమెంటేనట కదా. 1945లో బర్మాలో వాళ్లు నడిపిన షెర్మన్ చేద్దామని ఎం4ఏ3 కిట్ కొన్నాను. షెర్మన్లన్నీ ఒకటే కదా, డికాల్స్ మారిస్తే సరిపోతుందా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కొండాపూర్

బండి, సంవత్సరం, చోటు మూడూ రాశారు. అందుకే మీకు కాస్త వివరంగానే చెబుతాను.

పుట్టుక హైదరాబాద్‌దే. 1790లో నిజాం రాజ్యంలో గుర్రపు దళంగా మొదలైంది. 1916లో ఫ్రాన్స్‌లోని సొమ్ యుద్ధంలో, హైవుడ్ దగ్గర గుర్రాల మీద ఈటెలతో దూకింది వీళ్లే. ముప్పై ఏళ్లు తిరక్కుండానే ఇరావతి దాటి మెయిక్‌టిలా మీదికి ట్యాంకుల్లో వెళ్లారు. అప్పుడు వాళ్లు 255వ భారత ట్యాంక్ బ్రిగేడ్‌లో ఉన్నారు.

ఇక మీ కిట్ సంగతి. షెర్మన్లన్నీ ఒకటి కావు. ఎం4ఏ3లో ఉన్నది ఫోర్డ్ వి8 ఇంజను. అమెరికా సైన్యానికి అదే నచ్చింది కాబట్టి ఆ బండ్లను చాలావరకు తన దగ్గరే అట్టిపెట్టుకుంది. బ్రిటన్‌కు వేల సంఖ్యలో ఇచ్చిన రకాల్లో ఒకటి ఎం4ఏ4. బ్రిటిష్ లెక్కలో దాని పేరు షెర్మన్ 5. మెయిక్‌టిలా దారిలో నడిచింది ఇదే.

రెండింటికీ ఉన్న తేడా అంతా ఇంజనులోనే పుట్టింది. ట్యాంకులకు సరిపడా విమాన ఇంజన్లు దొరకని రోజుల్లో క్రైస్లర్ కంపెనీ ఆరు సిలిండర్ల కారు ఇంజన్లను ఐదింటిని తెచ్చి ఒక్క కట్టగా బిగించింది. మొత్తం 30 సిలిండర్లు! వినడానికి మెకానిక్ చేసిన చిలిపి పనిలా ఉంటుందిగానీ, చక్కగా నడిచింది. కాకపోతే ఆ బండ ఇంజను పట్టడానికి ట్యాంకును 11 అంగుళాలు సాగదీయాల్సి వచ్చింది.

35వ వంతులో 11 అంగుళాలంటే మీ బల్ల మీద 8 మిల్లీమీటర్లు. రంగుతో కప్పిపుచ్చే తేడా కాదది. పక్క నుంచి తీసిన ఫొటోలో చక్రాల జతల మధ్య ఖాళీ చూడండి, ఎం4ఏ3 మీద దగ్గరదగ్గరగా ఉంటాయి, ఎం4ఏ4 మీద ఎడంగా ఉంటాయి. ట్రాక్ లింకులు ఒక పక్కకు 79 కాదు, 83. టరెట్ వెనక ఇంజను మూత మీద ఫ్యాన్ కోసం ఒక ఉబ్బు ఉంటుంది, అలాంటిదే బండి కడుపు కింద మరొకటి. ఇన్ని మార్పులు చేసే కన్నా కొత్త కిట్ కొనడమే చవక. మీ ఎం4ఏ3ని కోయకండి, 1944 చివర్లో యూరప్‌లో తిరిగిన అమెరికన్ బండిగా చేసుకోండి. ఎం4ఏ4 కొనేటప్పుడు ఫైర్‌ఫ్లై అని రాసి ఉన్న పెట్టె మాత్రం తీసుకోవద్దు. హల్ అదే అయినా పొడవాటి 17 పౌండర్ ఫిరంగి ఉన్న ఆ బండ్లు యూరప్ యుద్ధానివి.

1965 యుద్ధంలో అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులను ఎదుర్కొన్నప్పుడు కూడా దక్కన్ హార్స్ చేతిలో ఉన్నది షెర్మన్లే. ఆ బండ్ల గురించి ఎవరైనా అడిగితే సంతోషంగా రాస్తాను.

ప్రశ్న: 1940 మే నెలలో ఫ్రాన్స్‌లో ఉన్న జర్మన్ పాంజర్ 3కి ముదురు బూడిద రంగు వేశాను. పోటీలో జడ్జిగారు ‘గోధుమ రంగేదమ్మా?’ అన్నారు. నేను చూసిన ఫొటోల్లో ఎక్కడా లేదే!
– ఇంజనీరింగ్ విద్యార్థిని, వరంగల్

జడ్జిగారిదే కరెక్టమ్మా. ఫొటో కూడా అబద్ధం చెప్పలేదు, మనకే చదవడం రాలేదు. 1937 నుంచి జర్మన్ ట్యాంకుల మీద మూడింట రెండు వంతులు ముదురు బూడిద, ఒక వంతు ముదురు గోధుమ ఉండాలని ఉత్తర్వు. రెండూ ఎంత ముదురంటే నలుపు-తెలుపు ఫిల్ము మీద కలిసిపోతాయి. పైన రోడ్డు దుమ్ము పడితే ఇక చెప్పక్కర్లేదు. దాంతో దశాబ్దాల పాటు మోడల్ చేసేవాళ్లంతా ఒట్టి బూడిద రంగే వేశారు, పెట్టెల మీది బొమ్మలూ అలాగే వచ్చాయి. థామస్ జెంట్స్, హిలరీ డాయిల్ పాత ఉత్తర్వులు తవ్వి తీశాకే ఈ సంగతి అందరికీ తెలిసింది. బూడిద రంగు ఒక్కటే చాలన్న ఉత్తర్వు వచ్చింది 1940 జులై 31న. అప్పటికి ఫ్రాన్స్ యుద్ధం ముగిసిపోయింది.

ఆ ట్యాంకును పారేయకండి. గుర్తులు మార్చి 1941 రష్యా బండిగా చేస్తే మీ బూడిద రంగు సరిగ్గా సరిపోతుంది. ఫ్రాన్స్ బండే కావాలంటే గోధుమ మచ్చలను ఎయిర్‌బ్రష్‌తో అంచులు మెత్తగా ఉండేలా వేయండి. అడుగు దూరం నుంచి కనిపించీ కనిపించనట్టు ఉంటే బాగా వచ్చినట్టే.

ప్రశ్న: వెస్పా స్కూటర్‌కు ఫిరంగి బిగించారని ఓ ఫొటో చూశాను. నిజమేనా? పేలిస్తే స్కూటర్ ఎగిరిపోదా?
– స్కూటర్ మెకానిక్, తెనాలి

నిజమే. కానీ ఎగిరిపోదు, ఎందుకంటే దాని మీద నుంచి పేల్చరు. 1950లలో ఫ్రెంచ్ పారాచూట్ దళాల కోసం ఆక్మా అనే కంపెనీ చేసిన వెస్పా 150 ట్యాప్ ఇది. అమెరికన్ 75 ఎం.ఎం. రీకాయిల్‌లెస్ గన్ గొట్టం సీటు కింద నుంచి వెళ్లి ముందు లెగ్ షీల్డులోంచి బయటికి పొడుచుకొస్తుంది. గన్ ఒక్కటే 50 కిలోల పైచిలుకు. స్కూటర్ పని దాన్ని మోసుకెళ్లడమే. చోటు చేరాక గన్ దించి, వెంట తెచ్చుకున్న మూడుకాళ్ల స్టాండు మీద పెట్టి కాలుస్తారు. పేలుడు వాయువు వెనక నుంచి పోతుంది కాబట్టి తన్నడం ఉండదు. 1965లో భారత సైనికుడు అబ్దుల్ హమీద్ జీపు మీద వాడిన 106 ఎం.ఎం. గన్ కూడా ఈ జాతిదే. మోడల్ చేస్తే పక్కన ఆ స్టాండు పెట్టడం మరవకండి.

ప్రశ్న: టైగర్ కిట్‌తో పాటు గరుకు గీతలున్న జిమ్మెరిట్ షీట్లు ఇచ్చారు. అంటించాలా, వద్దా?
– బ్యాంకు ఉద్యోగి, రాజమహేంద్రవరం

నెల చెబితేనే జవాబు. 1943 శరత్కాలం నుంచి 1944 సెప్టెంబరు దాకా ఫ్యాక్టరీలో ఆ పూత పూశారు. నార్మండీ బండి అయితే అంటించండి. ట్యునీషియా, కుర్‌స్క్ బండ్లకు వద్దు. బేరియం సల్ఫేటు, జిగురు, రంగు, జింక్ సల్ఫైడు, రంపపు పొట్టు కలిపిన ముద్ద అది. ఉక్కుకూ అయస్కాంత మైనుకూ మధ్య ఎడం ఉంచి, మైను అతుక్కోకుండా చూడడం దాని పని. తమాషా ఏమిటంటే అలాంటి మైన్లను పెద్దఎత్తున వాడింది జర్మన్లే. శత్రువులూ తయారుచేస్తారేమోనన్న భయంతో పూసుకున్నారు, వాళ్లు ఆ పని చేయనే లేదు. చివరికి గుండు తగిలితే పూతకు నిప్పంటుకుంటోందన్న పుకారుతో ఆపేశారు. పరీక్షించి చూస్తే అదీ నిజం కాదని తేలింది. అయినా మళ్లీ మొదలెట్టలేదు.

ప్రశ్న: మ్యూజియంలో కళ్లారా చూసి చేసినా తప్పు పడుతున్నారు. ఇక దేన్ని నమ్మాలి?
– డాలస్ నుంచి ఒక పాఠకుడు

మ్యూజియం బండిని కొలతలకు నమ్మండి, రంగుకు నమ్మకండి. అవి చాలాసార్లు మళ్లీ పెయింటు వేసినవే. భాగాల విషయంలో కూడా జాగ్రత్త. రష్యాలోని కుబింకాలో ఉన్న 188 టన్నుల మౌస్ ట్యాంకునే తీసుకోండి, మొదటి బండి హల్ మీద రెండో బండి టరెట్ పెట్టి నిలబెట్టారు. ప్రపంచంలో మిగిలిన ఏకైక మౌస్ అతుకుల బండి!

ప్రశ్న: మా నాన్నగారు ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. ఆయనకు ‘సారథ్’ మోడల్ చేసివ్వాలని ఉంది. ఏ కిట్ కొనాలి?
– గృహిణి, సంగారెడ్డి

సారథ్ అంటే రష్యన్ బీఎంపీ-2నే లైసెన్సు మీద ఇక్కడ తయారుచేశారు. కాబట్టి 1/35లో దొరికే బీఎంపీ-2 కిట్ ఏదైనా పనికొస్తుంది. రష్యన్ డికాల్స్ పక్కన పెట్టేయండి. సైనికులు దిగే వెనక తలుపులు బోలుగా ఉంటాయి, వాటిలో డీజిల్ నింపుతారు. అందుకే తలుపులు తెరిచి చూపించాలనుకుంటే పల్చటి రేకుల్లా కాకుండా మందంగా చేయాలి. ఇది నీళ్లలో ట్రాకులు తిప్పుకుంటూనే ఈదుతుంది. పీటీ-76 ట్యాంకుకు వెనక ఉండే నీటి జెట్ రంధ్రాలు దీనికి ఉండవు, పొరపాటున పెట్టకండి.

అన్నిటికన్నా ముందు మీ నాన్నగారి పక్కన కూర్చుని భాగాలన్నీ బల్ల మీద పరచండి. ఏ రంగు మీద ఏ రంగు వేసేవారో, ఏ బోల్టు ఎటు తిరిగి ఉండేదో పెట్టె మీద బొమ్మ గీసినవాడికన్నా ఆయనకే బాగా తెలుసు. ఇలాంటి ఫ్యాక్టరీల్లో, రెజిమెంట్లలో పనిచేసినవాళ్లు మీ ఇళ్లలో ఉంటే, వాళ్లు చెప్పింది తేదీ వేసి రాసి మాకు పంపండి. ఫ్యాక్టరీ లోపలి ఫొటోలు, డ్రాయింగులు మాత్రం పంపొద్దు. అవి ప్రచురించం.