పాత పాట – కొత్త గొంతులు

పాఠ్యభాగ పరిచయం

ఈ పాఠం అనుభవ ప్రధానమైన వ్యాసం. అమెరికా గ్రామీణ జానపద బాణీలను రాక్ సంగీతంతో మేళవించగా ఏర్పడిన శాఖను 'కంట్రీ రాక్' అంటారు. ఆ శాఖకు ప్రపంచవ్యాప్తంగా పేరు తెచ్చిన బృందాలలో 'ఈగల్స్' ముఖ్యమైనది. 1971లో ఏర్పడిన ఈ బృందంలో సభ్యులు పలుమార్లు మారారు. సభ్యులు మారిన తర్వాత ఒక బృందం అదే బృందం అనిపించుకుంటుందా? అటువంటి బృందం నుంచి శ్రోత ఏమి ఆశించాలి? ఈ ప్రశ్నలను రచయిత తన ప్రత్యక్షానుభవం ఆధారంగా చర్చించారు. కళను వారసత్వంగా అందుకోవడంలో ఉన్న బాధ్యతను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

2014 జనవరిలో లాస్ ఏంజిలస్ సమీపాన ఉన్న ఇంగిల్‌వుడ్‌లో 'ఫోరమ్' అనే ప్రసిద్ధ కచేరీ మందిరాన్ని పునరుద్ధరించి మళ్లీ తెరిచారు. ఆ సందర్భంగా ఈగల్స్ బృందం అక్కడ ఆరు రాత్రులు పాడింది. ఆ రోజుల్లో నేను ఉద్యోగరీత్యా కాలిఫోర్నియాలోనే ఉన్నాను. మా ఇంటి నుంచి ఆ మందిరానికి గంటన్నర ప్రయాణం. అయినా వెళ్లలేదు. పని ఒత్తిడి ఒక సాకు. "ఇన్నేళ్లుగా పాడుతున్నవారు వచ్చే ఏడు మాత్రం పాడరా!" అన్న ధీమా మరొక సాకు. రెండేళ్లు గడిచాయి. 2016 జనవరి 18న ఆ బృంద స్థాపకులలో ఒకరైన గ్లెన్ ఫ్రై 67 సంవత్సరాల వయస్సులో మరణించారు. నేను పోగొట్టుకున్నదేమిటో అప్పుడు గాని నాకు బోధపడలేదు.

నేను ఎందుకంతగా బాధపడ్డానో తెలియాలంటే ఈ బృందం కథ కొంత తెలియాలి. 1971లో లిండా రాన్‌స్టాట్ అనే గాయనికి వాద్య సహకారం అందించిన యువకులలో గ్లెన్ ఫ్రై, డాన్ హెన్లీ ఉన్నారు. ఒకరిది డెట్రాయిట్, మరొకరిది టెక్సస్. వీరితో బెర్నీ లెడన్, రాండీ మైస్నర్ కలిశారు. లెడన్ బాంజో, మాండొలిన్ వంటి గ్రామీణ వాద్యాలలో ఆరితేరినవారు. మైస్నర్ బేస్ గిటార్ వాయిస్తూ ఎంతో ఎత్తైన స్థాయిలో పాడగలిగినవారు. జాక్సన్ బ్రౌన్, ఫ్రై కలిసి రాసిన 'టేక్ ఇట్ ఈజీ' 1972లో వీరి తొలి పాటగా వెలువడింది. గిటార్ల నడుమ వేగంగా మోగే లెడన్ బాంజో ఆ పాటకు పల్లెదనాన్ని తెచ్చింది. ఈగల్స్ ప్రజాదరణను తెలపడానికి ఒక్క లెక్క చాలు. 1971–75 మధ్యకాలపు పాటల సంకలనానికి 2018లో అమెరికా రికార్డింగ్ పరిశ్రమల సంఘం 3 కోట్ల 80 లక్షల ప్రతుల గుర్తింపునిచ్చింది.

ఈ బృందం విశిష్టత వాద్యాలలో కన్నా గొంతులలో ఎక్కువగా ఉంది. మన బృందగానంలో సాధారణంగా అందరూ ఒకే స్వరాన్ని కలిసి పాడతారు. వీరి పద్ధతి వేరు. ప్రధాన గాయకుడు ఒక స్వరం మీద నిలిచినప్పుడు, అదే మాటను ఒకరు పై స్వరంలోనూ, మరొకరు కింది స్వరంలోనూ పలుకుతారు. దీనిని హార్మనీ అంటారు. ఆ కలయికలో ఏ గొంతు ఎవరిదో విడదీసి చెప్పడం కష్టం. కాని ఒక గొంతు లేకపోతే మాత్రం లోటు వెంటనే తెలిసిపోతుంది. గోడలో ఒక ఇటుక ఊడిపోతే ఆ ఇటుకను కాక, ఆ ఖాళీనే కళ్లు చూస్తాయి. ఇటువంటి సంగీతంలో సభ్యుడు మారడం చిన్న విషయం కాదు.

అయినా మార్పులు తప్పలేదు. 1974లో డాన్ ఫెల్డర్ చేరారు. బృందం క్రమంగా రాక్ వైపు మొగ్గింది. 1975లో లెడన్ తప్పుకోగా ఆయన స్థానంలో జో వాల్ష్ వచ్చారు. 1976 చివర వెలువడిన 'హోటల్ కాలిఫోర్నియా' ఆ కొత్త కూర్పు ఫలితమే. మైస్నర్ పాడే 'టేక్ ఇట్ టు ది లిమిట్' పాట చివర అత్యున్నత స్వరాలు ఉంటాయి. ప్రతి రాత్రీ వాటిని అందుకోవడం ఆయనకు భారమైంది. ఆ విషయమై ఫ్రైతో తగాదా కూడా వచ్చింది. 1977లో ఆయన వెళ్లిపోయారు. ఆయన స్థానంలో టిమొతీ ష్మిట్ వచ్చారు. ఇందులో ఒక చిత్రమైన విషయం ఉంది. అంతకుముందు 'పోకో' అనే మరో కంట్రీ రాక్ బృందంలో కూడా మైస్నర్ విడిచిన స్థానాన్ని నింపినవారు ష్మిట్టే. ఒకే మనిషి ఖాళీ చేసిన చోటును రెండుసార్లు నింపడం ఎంతమందికి సాధ్యం?

కలహాలు ముదిరి 1980లో బృందం విడిపోయింది. 1994లో మళ్లీ కలిసింది. 1998లో న్యూయార్కులో జరిగిన 'రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్' సన్మానసభలో పాత, కొత్త సభ్యులు ఏడుగురూ ఒకే వేదిక మీద కలిసి పాడారు. 2001లో ఫెల్డర్‌ను బృందం నుంచి తొలగించారు. ఆ వివాదం న్యాయస్థానానికెక్కి, 2007లో రాజీతో ముగిసింది. ఇన్ని ఒడుదుడుకులలోనూ ఫ్రై, హెన్లీ ఇద్దరూ బృందానికి రెండు స్తంభాలుగా నిలిచారు. ఆ రెండింటిలో ఒకటి 2016లో కూలిపోయింది.

ఇక ఈ బృందం పాడదనే అందరూ అనుకున్నారు. కాని 2017 జులైలో లాస్ ఏంజిలస్‌లోని డాడ్జర్ స్టేడియంలో వారు మళ్లీ వేదిక ఎక్కారు. ఫ్రై స్థానంలో ఇద్దరు నిలిచారు. ఒకరు ఆయన కుమారుడు డీకన్ ఫ్రై. అప్పటికి అతనికి 24 ఏళ్లు. రెండవవారు విన్స్ గిల్. ఆయన కంట్రీ సంగీతంలో 20కి పైగా గ్రామీ పురస్కారాలు పొందిన గాయకుడు. 2007లోనే 'కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్'లో స్థానం సంపాదించినవారు. అంతటి పేరున్నవారు మరొకరి పాటలను, మరొకరి స్థానంలో నిలబడి పాడటానికి అంగీకరించారు.

ఆ వార్త విన్నప్పుడు నాకు సంతోషం కలగలేదు. మిగిలింది పేరొక్కటే, దాన్ని అమ్ముకుంటున్నారు అనుకున్నాను. టిక్కెట్ల ధరలు చూస్తే ఆ అనుమానం బలపడింది. స్థాపకులు నలుగురిలో ఇప్పుడు బృందంలో ఉన్నది హెన్లీ ఒక్కరే. ఒక్క స్తంభం మీద నిలిచినదాన్ని ఇల్లు అనవచ్చునా? ఈ ప్రశ్నను ఏడేళ్లు మోశాను. 2023 జులైలో మైస్నర్ కూడా మరణించారు. అదే ఏడాది సెప్టెంబరులో బృందం తన వీడ్కోలు యాత్రను ప్రారంభించింది. ఈసారి వాయిదా వేసే ధైర్యం నాకు లేకపోయింది.

2024 అక్టోబరులో ఒక శుక్రవారం రాత్రి లాస్ వేగాస్‌లోని 'స్ఫియర్' మందిరానికి వెళ్లాను. అది 366 అడుగుల ఎత్తైన గోళాకార భవనం. లోపల 1,60,000 చదరపు అడుగుల తెర ప్రేక్షకుల తలల మీదుగా ఆకాశంలా వంగి ఉంటుంది. అంత పెద్ద తెర కింద మనుషులు చీమల్లా కనిపిస్తారు. బొమ్మల ఆర్భాటంలో పాట మునిగిపోతుందేమోనని భయపడ్డాను. నా పక్క ఆసనంలో ఒక వృద్ధుడు కూర్చున్నారు. 1970లలో ఈ బృందాన్ని చూశానని చెప్పారు. "ఇప్పుడు ఎందుకు వచ్చారు?" అని అడిగాను. "ఆ పాటలు నాతోపాటు ముసలివయ్యాయో లేదో చూద్దామని" అన్నారాయన.

మొదటి పాట 'హోటల్ కాలిఫోర్నియా'. పాడినవారు హెన్లీ. 77 ఏళ్ల గొంతులో పూర్వపు పదును కొంత తగ్గింది; మాటలోని స్పష్టత తగ్గలేదు. ఆ పాట చివర రెండు గిటార్లు ఒకదానితో ఒకటి సంభాషిస్తున్నట్టు సాగుతాయి. మొదట ఆ భాగాన్ని వాయించినవారు ఫెల్డర్, వాల్ష్. ఫెల్డర్ వెళ్లిన తర్వాత 2001 నుంచి స్టువర్ట్ స్మిత్ ఆ బాధ్యతను మోశారు. సభ్యుల జాబితాలో ఆయన పేరు ఎన్నడూ లేదు. అనారోగ్యం వల్ల ఆయన 2024లో విరమించుకోగా క్రిస్ హోల్ట్ వచ్చారు. అంటే ఆ రాత్రి నేను విన్నది మూడవ చేతిలోని గిటారు. కళ్లు మూసుకొని విన్నాను. ఒక్క స్వరమూ తప్పిపోలేదు. కళ్లు తెరిచి చూశాను. హోల్ట్ పక్కన 76 ఏళ్ల వాల్ష్ నవ్వుతూ తన వంతు వాయిస్తున్నారు.

తర్వాత గిల్ వంతు వచ్చింది. ఫ్రై పాడిన 'న్యూ కిడ్ ఇన్ టౌన్'ను ఆయన మృదువుగా పాడారు. మైస్నర్‌కు భారమైన 'టేక్ ఇట్ టు ది లిమిట్' కూడా ఇప్పుడు ఆయనదే. చివరి స్వరాలు సమీపిస్తుంటే మందిరమంతా ఊపిరి బిగబట్టింది. గిల్ వాటిని అందుకున్నారు. అయితే ఆయన మైస్నర్‌లా పాడటానికి ప్రయత్నించలేదు. తన గొంతుతో, ఆ పాటకు కావలసిన ఎత్తుకు వెళ్లారు. అనుకరణకూ, బాధ్యతకూ ఉన్న తేడా నాకు అక్కడ తెలిసింది. అనుకరించేవాడు పోయినవాణ్ని తలపించాలని చూస్తాడు. బాధ్యత వహించేవాడు పాటకు లోటు రాకుండా చూస్తాడు.

డీకన్ పాడిన పాటలు 'పీస్‌ఫుల్ ఈజీ ఫీలింగ్', 'టేక్ ఇట్ ఈజీ'. రెండూ తండ్రి పాడినవే. తండ్రీకొడుకుల గొంతులకు పోలిక ఉంది. కాని కొడుకు గొంతులో తొందర లేదు, గర్వం లేదు. తన ఇంట్లో పుట్టినప్పటి నుంచి విన్న పాటను పదిమంది ముందు పాడుతున్న వినయం ఉంది. పల్లవి వచ్చేసరికి ఇరువైపుల నుంచి హెన్లీ, ష్మిట్ గొంతులు వచ్చి అతని గొంతును పైకెత్తాయి. దశాబ్దాలుగా ఫ్రై పక్కన పాడినవారు ఇప్పుడు ఆయన కొడుకు పక్కన పాడుతున్నారు. ఖాళీ అయిన ఇటుక స్థానంలో కొత్త ఇటుక కుదురుకుంది. ప్రేక్షకులంతా లేచి నిలబడి గొంతు కలిపారు. పక్కనున్న వృద్ధుడు కళ్లు తుడుచుకోవడం చూశాను.

అయితే నేను చూసినది పాత ఈగల్స్ బృందమేనా? కాదనే చెప్పాలి. ఫ్రై పాడగా వినే అవకాశాన్ని నేను శాశ్వతంగా పోగొట్టుకున్నాను. దానిని ఏ కచేరీ తిరిగి ఇవ్వలేదు. 'హోటల్ కాలిఫోర్నియా'కు బాణీ సమకూర్చినవారు ఫెల్డర్. ఆయన లేని వేదిక మీద ఆ పాట మోగడం కొందరు అభిమానులకు నేటికీ మింగుడుపడదు. వారి బాధను కాదనలేము. పేరును నిలుపుకోవడంలో వ్యాపారం ఉన్నమాట కూడా నిజం. కాని అంతా వ్యాపారమే అయితే, కొత్తగా వచ్చినవారు అంత శ్రద్ధతో పాడనక్కరలేదు. తెర మీది బొమ్మలు, పాత పేరు చాలు, జనం వస్తారు.

సభ్యులు మారిన బృందాన్ని వినడానికి వెళ్లేవారు 'వీరు వారేనా' అని అడగడం సహజం. దానికి జవాబు ఇంటి దగ్గరే తెలుసు. అంతకన్నా అడగదగిన ప్రశ్న ఒకటుంది. పోయినవారు విడిచిన స్థానానికి వీరు న్యాయం చేస్తున్నారా? ఆ ప్రశ్నకు జవాబు వేదిక ముందు కూర్చున్నవారికే దొరుకుతుంది. కచేరీ ముగిసి బయటికి వస్తుంటే ఆ వృద్ధుణ్ని మళ్లీ కలిశాను. "పాటలు ముసలివయ్యాయా?" అని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపి, నా భుజం తట్టి, జనంలో కలిసిపోయారు.

కఠిన పదాలు – అర్థాలు

మేళవించు = కలుపు
పునరుద్ధరించు = తిరిగి మంచి స్థితికి తెచ్చు
ధీమా = నిశ్చింతతో కూడిన నమ్మకం
విశిష్టత = ప్రత్యేకత
ఒడుదుడుకులు = హెచ్చుతగ్గులు, ఇబ్బందులు
ఆర్భాటం = హంగామా
అనుకరణ = ఇతరులవలె చేయడం
మింగుడుపడదు = మనసు ఒప్పుకోదు (జాతీయం)

ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఈగల్స్ బృందంలో జరిగిన మార్పులను పాఠం ఆధారంగా వివరించండి.
2. 'సభ్యులు మారిన బృందం' విషయంలో రచయిత అభిప్రాయం కచేరీకి ముందు, తర్వాత ఎలా మారింది?

ఆ) కింది ప్రశ్నలకు 8 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. హార్మనీ అంటే ఏమిటి? అది మన బృందగానానికి ఎలా భిన్నమైనది?
2. అనుకరణకూ, బాధ్యతకూ గల తేడాను రచయిత ఎలా గ్రహించారు?
3. డీకన్ ఫ్రై గానాన్ని రచయిత ఎలా వర్ణించారు?

ఇ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. గ్లెన్ ఫ్రై ఎప్పుడు మరణించారు?
2. మైస్నర్ విడిచిన స్థానాన్ని రెండు బృందాలలో నింపినవారు ఎవరు?
3. 'టేక్ ఇట్ ఈజీ' పాటకు పల్లెదనం తెచ్చిన వాద్యం ఏది?

భాషాంశాలు

సంధులు
ప్రత్యక్షానుభవం = ప్రత్యక్ష + అనుభవం – సవర్ణదీర్ఘ సంధి
గోళాకారం = గోళ + ఆకారం – సవర్ణదీర్ఘ సంధి
అత్యున్నతం = అతి + ఉన్నతం – యణాదేశ సంధి
ప్రేక్షకులంతా = ప్రేక్షకులు + అంతా – ఉత్వ సంధి

సమాసాలు
తండ్రీకొడుకులు – తండ్రియును, కొడుకును – ద్వంద్వ సమాసం
కొత్త గొంతులు – కొత్తవైన గొంతులు – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
రెండు స్తంభాలు – రెండు సంఖ్యగల స్తంభాలు – ద్విగు సమాసం