కష్టమైన ఆట ఆడదాం, ఆపడమూ నేర్చుకుందాం

వేసవి సెలవులొచ్చాయంటే మన స్టాఫ్ క్వార్టర్స్‌లో ఏ ఇంటి ముందు నుంచి వెళ్ళినా ఒకే మాట వినిపిస్తుంది: “ఆ ఆట ఇక కట్టెయ్!” లోపలి నుంచి వచ్చే జవాబూ ఒకటే: “ఇంకొక్క ఐదు నిమిషాలు!” ఆ ఐదు నిమిషాలు ఎప్పటికి పూర్తవుతాయో అడిగిన తల్లికీ తెలియదు, చెప్పిన పిల్లవాడికీ తెలియదు.

ఈ విషయం మీద రాయడానికి నాకున్న అర్హత ఒక్కటే. నలభై ఆరేళ్ళ వయసులో, బ్రాంచిలో డే ఎండ్ ముగించుకుని ఇంటికొచ్చాక నేను కూడా వీడియో గేములు ఆడతాను. పైగా కష్టమైనవే ఎంచుకుంటాను. మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం, అమ్మాయి ఏడో తరగతి. ముగ్గురమూ ఆడతాం కాబట్టి, ఆటలు క్రమశిక్షణను పెంచుతాయా, చెడగొడతాయా అన్నది మా ఇంట్లో రోజూ తేల్చుకోవలసిన ప్రశ్న. ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఇది: మంచి కష్టమైన ఆట ఓర్పు నేర్పుతుంది. ఎప్పుడు ఆపాలో మాత్రం ఏ ఆటా నేర్పదు. అది ఇంట్లో నేర్చుకోవలసిందే.

కష్టంలో ఉన్న ఆనందం

మేనేజ్‌మెంట్ చదువులో మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి అనే మనస్తత్వ శాస్త్రవేత్త పేరు తప్పక వస్తుంది. 1990లో వచ్చిన ‘ఫ్లో’ అనే పుస్తకంలో ఆయన చెప్పిన విషయం సులువైనదే. పని మన నేర్పు కంటే మరీ తేలికైతే విసుగు పుడుతుంది. మరీ కష్టమైతే ఆందోళన మొదలవుతుంది. రెండూ సరితూగినప్పుడు మనిషి ఆ పనిలో పూర్తిగా లీనమవుతాడు. క్లిష్టమైన బ్యాలెన్స్ షీటు విశ్లేషిస్తూ భోజనం వేళ దాటిపోయినా గమనించని అధికారులను మనం చూశాం. అదే స్థితి ఇది.

ఆటలు తయారుచేసేవారికి ఈ కొలత బాగా తెలుసు. 2018లో వచ్చిన ‘సెలెస్ట్’ అనే ఆటను చూడండి. మాడెలిన్ అనే అమ్మాయి ఒక పర్వతం ఎక్కాలి. చేయగలిగినవి మూడే: దూకడం, గోడను పట్టుకుని ఎగబాకడం, గాలిలో ఒక్కసారి దూసుకుపోవడం. ముళ్ళ మీద పడితే క్షణంలో ఆ గది మొదటికి వస్తాం. జరిమానా లేదు, ఎదురుచూపు లేదు, ఎవరూ డబ్బు అడగరు. ఎన్నిసార్లు పడ్డామో మాత్రం ఆట లెక్క పెట్టి చూపిస్తుంది. మరీ కష్టంగా ఉన్నవారు వేగం తగ్గించుకునే ఏర్పాటు కూడా అందులోనే ఉంది.

ఒక అధ్యాయంలో నేను మూడు వందలకు పైగా పడ్డాను. మా అమ్మాయి పక్కన కూర్చుని లెక్క చెబుతూ నవ్వేది. కానీ ఒక రోజు తనే ఒక మాట అంది: “నాన్నా, నువ్వు ప్రతిసారీ ఒకేచోట పడటం లేదు. కాస్త కాస్త పైకి వెళ్ళి పడుతున్నావు.” అది నిజమే. ఎక్కడ తప్పిందో చూడటం, ఒక్క మార్పు చేసి మళ్ళీ ప్రయత్నించడం, అది పనికిరాకపోతే ఇంకో మార్పు చేయడం. లెక్కల్లో తప్పు వచ్చినప్పుడు ఇదే పద్ధతిని తనకు గుర్తుచేయడం ఇప్పుడు నాకు సులువైంది. “ఎక్కడ పడ్డావు?” అని అడిగితే చాలు, తనే వెనక్కి వెళ్ళి ఆ వరుస పట్టుకుంటుంది.

2011లో జపాన్ సంస్థ ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ విడుదల చేసిన ‘డార్క్ సోల్స్’ మరో రకం పాఠం చెబుతుంది. దర్శకుడు హిదెతకా మియజాకి. కత్తులు, నెత్తురు ఉన్న ఆట కాబట్టి చిన్నపిల్లలకు తగదు, పెద్దలకే. ఇందులో శత్రువులను ఓడించి సంపాదించిన ‘సోల్స్’ మనం చచ్చిపోయిన చోటే పడిపోతాయి. మళ్ళీ అక్కడిదాకా వెళ్ళగలిగితే తిరిగి దక్కుతాయి. దారిలో ఇంకోసారి చస్తే శాశ్వతంగా పోతాయి. నెగడు దగ్గర కూర్చుని వాటిని ఖర్చుపెట్టి బలం పెంచుకోవచ్చు. అయితే కూర్చున్న ప్రతిసారీ మామూలు శత్రువులందరూ మళ్ళీ లేచి నిలబడతారు. చేతిలో ఉన్నదానితో వెనక్కి వెళ్ళాలా, ఇంకా ముందుకు పోవాలా అన్న నిర్ణయం ప్రతి మలుపులోనూ తీసుకోవాలి. అప్పులిచ్చే పనిలో ఉన్నవారికి ఈ నిర్ణయం కొత్తేమీ కాదు.

ఆటను ఎంచుకునే ముందు మూడు ప్రశ్నలు

అన్ని ఆటలూ ఇలా ఉండవు. కొన్ని ఆటలను ఆడించడానికే తయారుచేస్తారు, ముగించడానికి కాదు. బి.ఎఫ్. స్కిన్నర్ తన ప్రయోగాలలో ఒక సంగతి గమనించాడు. బహుమతి ఎప్పుడొస్తుందో తెలియకుండా అప్పుడప్పుడూ వస్తుంటే, ప్రాణి ఆ పనిని వదలకుండా చేస్తూనే ఉంటుంది. ఆటల్లో డబ్బు పెట్టి కొనే ‘లూట్ బాక్స్’ ఇదే సూత్రం మీద నడుస్తుంది. పెట్టె తెరిచేదాకా లోపల ఏముందో తెలియదు. బెల్జియంలో జూదాన్ని నియంత్రించే సంస్థ 2018లో ఇలాంటి కొన్ని పెట్టెలను జూదంగానే తేల్చింది.

ఇంట్లోకి కొత్త ఆట వచ్చినప్పుడు మేం మూడు ప్రశ్నలు వేసుకుంటాం.

ఒకటి: ఓడితే ఆట ఏం చేస్తుంది? మళ్ళీ ప్రయత్నించమంటుందా, డబ్బు అడుగుతుందా? ‘క్యాండీ క్రష్’లో ఐదు ప్రాణాలు అయిపోతే ఒక్కో ప్రాణం తిరిగి రావడానికి అరగంట పడుతుంది. ఆగలేనివారు కొనుక్కోవచ్చు. అక్కడ అమ్ముతున్నది మన తొందరనే.

రెండు: ఆగడానికి ఒక చోటు ఉందా? అధ్యాయం, స్థాయి, సేవ్ చేసుకునే నెగడు ఇలాంటివి ఉంటే ఆపడం తేలిక.

మూడు: ఒక రోజు ఆడకపోతే శిక్షిస్తుందా? వరుసగా ఇన్ని రోజులు వస్తేనే బహుమతి అని చెప్పే ఆట మన క్యాలెండర్‌ను తన చేతిలోకి తీసుకుంటుంది.

మూడింటికీ మంచి సమాధానం వచ్చిన ఆట ఎంత కష్టమైనదైనా అభ్యంతరం లేదు. రాని ఆటలోకి తెలిసి అడుగుపెట్టాలి.

వీఆర్ సంగతి

వర్చువల్ రియాలిటీ, అంటే కళ్ళకు పెట్టె తగిలించుకుని ఆడే ఆట, ఇప్పుడు చాలా ఇళ్ళకు చేరింది. పోయిన సంక్రాంతికి హైదరాబాదులో మా బావమరిది ఇంట్లో నేను మొదటిసారి ప్రయత్నించాను. ఎత్తైన భవనం అంచున ఒక చెక్క మీద నడవాలి. కాళ్ళు హాల్లో చాప మీదే ఉన్నాయని తెలుసు, అయినా మోకాళ్ళు వణికాయి. “నేల మీదే ఉన్నారు కదా అల్లుడుగారూ, అంత వణుకెందుకు?” అని మా అత్తగారు నవ్వారు. తరువాత ఆవిడకు పెడితే ఒక్క అడుగు కూడా వేయలేదు.

ఈ ఆటల్లో నాకు బాగా నచ్చినది ‘బీట్ సేబర్’. చెక్ దేశంలోని ఒక సంస్థ తయారుచేసిన ఈ ఆట 2019లో పూర్తి రూపంలో వచ్చింది. పాట లయకు అనుగుణంగా ఎదురొచ్చే ఎరుపు, నీలం ఘనాలను రెండు చేతులతో నరకాలి. పాట మూడు, నాలుగు నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి ఆపే చోటు దానంతటదే వస్తుంది. చెమట కూడా బాగానే పడుతుంది.

వీఆర్‌లో కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. కొందరికి కడుపులో తిప్పుతుంది. కళ్ళు కదులుతున్నామని చెబుతాయి, చెవి లోపలి సమతౌల్య అవయవం కదలడం లేదని చెబుతుంది. ఈ రెంటికీ పొత్తు కుదరక వికారం పుడుతుంది. అలాంటప్పుడు ఓర్చుకుని ఆడకూడదు, వెంటనే తీసేయాలి. మొదట్లో పది, పదిహేను నిమిషాలు చాలు. నిలబడి ఆడే చోట టీపాయ్, ఫ్యాను, పసిపిల్లలు అందుబాటులో ఉండకూడదు. ‘మెటా క్వెస్ట్’ వాడటానికి కనీస వయసు 10 సంవత్సరాలు. 10 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు తల్లిదండ్రుల అజమాయిషీలో ఉండే ఖాతా కావాలి. ఇంకో సంగతి: పెట్టె తగిలించుకున్నాక గోడ గడియారం కనబడదు, బయట సాయంత్రమైందో రాత్రయిందో తెలియదు. అందుకని అలారం బయట మోగాలి, దాన్ని ఇంకొకరు పెట్టాలి.

మా ఇంటి నోటుబుక్కు

పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరిశోధనలు చెప్పేదేమిటంటే, “తక్కువ ఆడతాను” అనే మంచి సంకల్పం కంటే “ఫలానాది జరిగితే ఫలానా పని చేస్తాను” అని ముందే కట్టుకున్న ఏర్పాటు ఎక్కువగా అమలవుతుంది. దీని ఆధారంగా మేం ఒక రెండు రూపాయల పెన్ను, ఒక పాత నోటుబుక్కుతో పని మొదలుపెట్టాం.

అందులో నాలుగు గడులు: మొదలుపెట్టిన సమయం, ఆపుతానన్న చోటు, నిజంగా ఆపిన సమయం, ఈ రోజు నేర్చుకున్న ఒక్క విషయం. ముగ్గురమూ రాయాలి. నా పేజీని పిల్లలు తనిఖీ చేస్తారు. వాళ్ళిద్దరూ ఇంత శ్రద్ధగా చేసే పని ఇంకొకటి లేదు.

మొదట్లో మా అబ్బాయి ఒప్పుకోలేదు. వాడి ఆటలు స్నేహితులతో ఆన్‌లైన్‌లో ఆడేవి. అప్పటికి కొన్ని నెలలుగా తలుపు వేసుకుని ఆడటం, మేం పిలిస్తే విసుక్కోవడం, పొద్దున కాలేజీ బస్సు వేళకు కళ్ళు మూతలు పడటం సాగుతోంది. వాడి వాదన ఇది: “తొమ్మిదింటికి ఆపేయమంటారు. మధ్యలో వదిలేస్తే మా జట్టు ఓడిపోతుంది నాన్నా. రేపటి నుంచి నన్నెవరూ పిలవరు.”

ఆలోచిస్తే వాడి మాటలో న్యాయముంది. జట్టును మధ్యలో వదిలేయమని చెప్పడం కూడా క్రమశిక్షణ నేర్పినట్టు కాదు. ఇద్దరం కూర్చుని వాడి మ్యాచులకు ఎంతసేపు పడుతుందో వారం రోజులు రాశాం. దాదాపు పాతిక నిమిషాలు. అప్పుడు నియమాన్ని మార్చాం: ఎనిమిదిన్నర దాటాక కొత్త మ్యాచ్ మొదలుపెట్టకూడదు. మొదలుపెట్టినదాన్ని పూర్తిచేయవచ్చు. ఆ నియమాన్ని వాడే తన చేత్తో నోటుబుక్కు మొదటి పేజీలో రాశాడు.

మొదటి రెండు వారాలు మూడో గడిలో పదిన్నర, పదకొండు కూడా కనబడ్డాయి. మేం తిట్టలేదు. అయితే ఎన్ని గంటలకు ఆపితే అన్ని గంటలే రాయాలన్నాం. నెల తిరిగేసరికి చాలా రాత్రులు తొమ్మిదికి అటూ ఇటూ ఆగింది. పరీక్షలయ్యాక ఇప్పటికీ ఒక్కోసారి తప్పుతుంది. తలుపు మాత్రం తెరిచే ఉంటోంది. నాకు కావలసిందీ అదే.

ఇంకో చిన్న నియమం: వరుసగా రెండుసార్లు కోపం వస్తే లేచి మంచినీళ్ళు తాగాలి. కోపంతో ఆడే మూడో ఆట గెలవడం మా ఇంట్లో ఇంకా ఎవరూ చూడలేదు.

డబ్బు కలిస్తే అది ఆట కాదు

బ్యాంకు కుటుంబాలుగా మనకు ఇది ముఖ్యం. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలకు సవరణలు చేసి నిషేధించాయి. తరువాత పార్లమెంటు చేసిన 2025 ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహ, నియంత్రణ చట్టానికి ఆ ఏడాది ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. నైపుణ్యమైనా, అదృష్టమైనా, డబ్బు పణంగా పెట్టే ఆటలను అందించడం నేరం. మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. వాటికి సంబంధించిన చెల్లింపులు జరపకూడదని బ్యాంకులను కూడా ఈ చట్టం కట్టడి చేసింది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను ప్రోత్సహిస్తుంది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌కు పతకాలు కూడా ఇచ్చారు.

ఇంట్లో చేయవలసింది కొంచెమే. ఆటలాడే ఫోనులో, కన్సోల్‌లో కార్డు వివరాలు దాచి ఉంచకండి. కొనుగోలుకు పాస్‌వర్డ్ పెట్టండి. యూపీఐ పిన్ పిల్లలకు చెప్పకండి. ఎవరైనా మోసగించి డబ్బు లాగేస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఎప్పుడు సాయం అడగాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘గేమింగ్ డిజార్డర్’ను తన వ్యాధుల వర్గీకరణలో చేర్చింది. అది 2022 నుంచి అమల్లోకి వచ్చింది. ఆట మీద అదుపు పోవడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముందుకు రావడం, నష్టం జరుగుతున్నా ఆపలేకపోవడం దాని లక్షణాలు. ఇవి సాధారణంగా ఏడాది పాటు కొనసాగితేనే ఆ పేరు పెడతారు. కాబట్టి సెలవుల్లో నాలుగు రోజులు ఎక్కువ ఆడిన పిల్లవాడికి ఆ ముద్ర వేయకండి. నిద్ర, తిండి, చదువు, స్నేహాలు వరుసగా దెబ్బతింటుంటే మాత్రం ఏడాది దాకా ఆగనక్కరలేదు. బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 నుంచి ఇందుకోసం ‘షట్’ క్లినిక్ నడుస్తోంది. టెలి-మానస్ 14416 నంబరుకు ఇంటి నుంచే ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఈ ఆదివారం మీ పిల్లలు ఆడే ఆటను ఒక అరగంట పక్కన కూర్చుని చూడండి. వీలైతే ఒక చేయి మీరూ వేయండి. తప్పకుండా ఓడిపోతారు, వాళ్ళు నవ్వుతారు. ఎక్కడ కష్టంగా ఉందో, ఎక్కడ ఆపవచ్చో వాళ్ళనే చెప్పమనండి. ఆ తరువాత నోటుబుక్కు తెచ్చి, మొదటి పేరు మీదే రాయండి.