పెద్దలు అప్పగింపవలసినవి, అప్పగింపరానివి

(యౌవనస్థుల శిబిరములలో తోడ్పడు పెద్దల కొరకు పాఠము)



సెలవులు వచ్చినప్పుడు మన పిల్లలను, యౌవనస్థులను కొండలకు, ఏటి ఒడ్డుకు, సముద్రతీరమునకు శిబిరముగా తీసికొనిపోవుట మంచి అలవాటు. జీతము ఆశింపక, తమ సెలవులను వెచ్చించి వారి వెంట వెళ్లు పెద్దలను మనమెల్లరము గౌరవింపవలెను. అయితే మంచి మనస్సు ఒక్కటే చాలునా? చాలదు. తర్ఫీదు కూడ అవసరము. ఈ పాఠములో రెండు సంగతులు నేర్చుకొందము. పిల్లలకు అప్పగింపవలసిన పని ఏది? పెద్దలు ఎన్నడును చేయి విడువరాని బాధ్యత ఏది?

1. ఈ తర్ఫీదు ఎట్లు మొదలైనది?

1907 ఆగస్టులో బేడెన్ పవెల్ అను సైనికాధికారి ఇంగ్లండు దక్షిణ తీరమందలి బ్రౌన్‌సీ ద్వీపములో సుమారు ఇరువదిమంది బాలురతో ఒక వారము శిబిరము నడిపెను. ధనికుల పిల్లలు, పనివారి పిల్లలు అందులో కలిసియుండిరి. ఆయన వారిని నాలుగు దళములుగా చేసి, ఒక్కొక్క దళమునకు ఒక బాలునే నాయకునిగా నియమించెను. స్కౌటు ఉద్యమము ఇట్లు ఆరంభమైనది.

ఉద్యమము త్వరగా వ్యాపించినది గాని, బాలురను నడిపింప తెలిసిన పెద్దలు చాలకపోయిరి. అందుచేత 1919 సెప్టెంబరులో లండను సమీపమున గిల్‌వెల్ పార్కు అను స్థలములో పెద్దలకు మొదటి తర్ఫీదు తరగతి జరిగినది. హాజరైనవారు 19 మంది. వారిని బెంచీల మీద కూర్చుండబెట్టి ఉపన్యాసములు మాత్రమే వినిపింపలేదు. వారే దళములుగా ఏర్పడి గుడారములు వేసికొని, వంట చేసికొని బాలురవలె జీవించిరి. నడిపింపబడుట ఎట్లుండునో తెలిసినవాడే చక్కగా నడిపింపగలడని దీని భావము. తర్ఫీదు ముగించినవారికి తోలు త్రాడుకు కట్టు చిన్న కొయ్య పూసలు ఇచ్చిరి. దీనినే వుడ్ బ్యాడ్జి అందురు.

మన దేశములో 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడినది. దాని జాతీయ శిక్షణ కేంద్రము మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో ఉన్నది. పెద్దలకు బేసిక్, అడ్వాన్స్‌డ్, హిమాలయ వుడ్ బ్యాడ్జి అను మెట్లలో తర్ఫీదు కలదు.

2. అప్పగింపవలసినవి

ఆరుగురు లేక ఎనిమిదిమంది చొప్పున జట్లు చేసి, జట్టుకు ఒక యౌవనస్థుని నాయకునిగా పెట్టుడి. సరుకుల జాబితా వ్రాయుట, వంట, గుడారము వేయుట, పాత్రలు తోముట, మరునాటి కార్యక్రమము నిర్ణయించుట మొదలగునవి వారికే విడిచిపెట్టవచ్చును.

నేర్పుటకు నాలుగు మెట్లున్నవి. మొదట వివరముగా చెప్పవలెను. తరువాత చేసి చూపవలెను. పిమ్మట ప్రక్కన నిలిచి వారిచేత చేయింపవలెను. చివరకు వారికి విడిచిపెట్టవలెను. మనలో అనేకులు రెండవ మెట్టుతో ఆగిపోవుదురు. అన్నము ముద్ద అగుచున్నదని చూడగానే గరిటె లాగికొందురు. ఆ పూట అన్నము బాగుండును గాని, ఆ పిల్లవాడు వంట నేర్చుకొనడు. ఇకమీదట ముందుకు రాడు. ఉప్పు ఎక్కువైన పప్పు వలన ఎవరికిని ప్రాణహాని లేదు. హాని లేని తప్పు చేయుటకు పిల్లలకు చోటియ్యవలెను. సాయంకాలము జట్టును కూర్చుండబెట్టి, "ఈ దినము ఏది బాగుగా జరిగినది? రేపు ఏది మార్చుకొందము?" అని అడుగుడి. జవాబు వారినే చెప్పనియ్యుడి.

3. అప్పగింపరానివి

నీరు, నిప్పు, ప్రయాణము, వాతావరణము, మందులు, తలల లెక్క - ఈ ఆరును పెద్దల చేతిలోనే ఉండవలెను. ఇవి పోగొట్టుకొనిన చోట ఎంతటి నష్టము కలుగునో రెండు సంఘటనలు చెప్పును.

1993 మార్చి 22న ఇంగ్లండులో లైమ్ బే అను సముద్రతీరమున ఎనిమిదిమంది విద్యార్థులు ఒక ఉపాధ్యాయునితో, ఇద్దరు శిక్షకులతో చిన్న పడవలలో బయలుదేరిరి. గాలి వారిని లోపలికి కొట్టుకొనిపోయినది. నలుగురు విద్యార్థులు మరణించిరి. ఆ శిక్షకులకు సముద్రముమీద నడిపించుటకు తగిన యోగ్యత లేదని తరువాత తేలినది. దీని ఫలితముగా 1995లో అటువంటి కేంద్రములకు లైసెన్సు విధించుచు అక్కడ చట్టము వచ్చినది.

రెండవది మన తెలుగువారి దుఃఖమే. 2014 జూన్ 8న హైదరాబాదునుండి విహారయాత్రకు వెళ్లిన ఇంజనీరింగు విద్యార్థులు హిమాచల్ ప్రదేశ్‌లోని మండి జిల్లాలో బియాస్ నదిలోని బండలపై దిగియుండగా, ఎగువనున్న లార్జి ఆనకట్టనుండి విడిచిన నీరు ఒక్కసారిగా వచ్చి 24 మంది విద్యార్థులను కొట్టుకొనిపోయినది. నది చూచుటకు ప్రశాంతముగానే ఉండెను. నీటిని చూచినంత మాత్రమున ఎగువ సంగతి తెలియదు.

కాబట్టి పెద్దలు ముందుగానే స్థలము చూచి రావలెను. ఎగువ ఆనకట్ట ఉన్నదా, నీటి లోతు ఎంత అని స్థానికులను అడగవలెను. నీటిలోనికి వెళ్లు పిల్లలను ఇద్దరిద్దరిగా జతపరచి, ఒడ్డున ఒక పెద్దను కావలి నిలిపి, మాటిమాటికి లెక్క చూడవలెను. ఎవరైన మునుగుచుండిన, ఈత శిక్షణ లేనివారు దూకక కర్రయో, త్రాడో అందింపవలెను. ఉరుము వినబడగానే చెట్టు క్రింద నిలువక, పక్కా భవనములోనికో, తలుపులు మూసిన బస్సులోనికో పోవలెను. పాము కరచినయెడల కోయరాదు, నోటితో పీల్చరాదు, బిగించి కట్టరాదు. కరచిన అవయవమును కదలనియ్యక తక్షణమే ఆసుపత్రికి చేర్చవలెను.

పిల్లలు ఎంత బ్రతిమాలినను "ఈ దినము వద్దు" అని చెప్పగలుగుట నాయకత్వములో ఒక భాగము. "ఇంతదూరము వచ్చితిమి గదా" అను మాటకు లొంగరాదు.

4. పిల్లల క్షేమము

ప్రతి శిబిరములో కనీసము ఇద్దరు పెద్దలు ఉండవలెను. ఆడపిల్లలున్నచోట స్త్రీలు తప్పక ఉండవలెను. ఏ పెద్దయు ఒక పిల్లవానితో గాని పిల్లతో గాని ఇతరుల కంటికి మరుగున ఒంటరిగా ఉండరాదు. ఎంత పేరున్నవారైనను, ఎంత కాలము తోడ్పడినవారైనను ఈ నియమము అందరికి ఒక్కటే.

2012లో వచ్చిన పోక్సో చట్టము ప్రకారము పిల్లలపై లైంగిక నేరము జరిగినదని తెలిసినవారు పోలీసులకు తెలుపవలెను. తెలుపకుండుట కూడ నేరమే. "నలుగురిలో పేరు పోవును, మనలో మనమే సర్దుకొందము" అను మాట పిల్లలకు అన్యాయము చేయును. పిల్లల సహాయ ఫోను 1098.

5. పరభాషా ప్రాంతములలో ఉన్న మనకు

మన ఇండ్లలో తెలుగు. బయట కన్నడము, తమిళము, ఒడియా, మరాఠీ. ఆపద వేళ 112కు గాని 108కు గాని ఫోను చేసినప్పుడు స్థలము పేరు, దగ్గరి గుర్తు స్థానిక భాషలో చెప్పగలవారు శిబిరములో ఉండవలెను. అవి ఒక కాగితముపై స్థానిక లిపిలో వ్రాసి ప్రతి పెద్దకు ఇయ్యుడి. కొన్నిచోట్ల సిగ్నలు ఉండదు గనుక ఫోను ఎక్కడ పనిచేయునో, దగ్గరి ఆసుపత్రి ఏదో ముందే చూచుకొనుడి. తల్లిదండ్రుల అనుమతి పత్రముతోపాటు ఉబ్బసము, మూర్ఛ, పడని మందులు వ్రాయించుకొనుడి.

పిల్లలు పని నేర్చుకొని, అందరును క్షేమముగా ఇల్లు చేరిన శిబిరమే మంచి శిబిరము. ఒకటి కొరకు చేయి విడువవలెను. మరియొకటి కొరకు చేయి విడువరాదు. తర్ఫీదు నేర్పునది ఈ భేదమునే.

కూడి ఆలోచించుటకు ప్రశ్నలు

1. గత శిబిరములో పెద్దలు చేసిన పనులలో యౌవనస్థులు చేయగలిగినవి ఏవి?
2. "ఈ దినము వద్దు" అని నిర్ణయించు అధికారము మన శిబిరములో ఎవరిది? అది అందరికి తెలియునా?
3. మన పెద్దలలో ప్రథమ చికిత్స నేర్చినవారు ఎందరు? తక్కినవారు ఎప్పుడు నేర్చుకొందురు?
4. ఒక పిల్ల తనకు జరిగిన కీడు చెప్పుకొనదలచిన, ఎవరియొద్దకు రావలెనో ఆమెకు తెలియునా?